లెటర్ ఫైనల్ 2

"ఇదేం స్క్రీనండీ, ఇల్లు మారేవాళ్ళ లారీలా ఉంది?" అంది టీమ్ లీడర్ మేడమ్.

ఆవిడ ఆ మాట అన్నప్పుడు మీటింగులో పదకొండు మంది ఉన్నారు. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని పదకొండు మందీ, ఆవిడ కింద టైపు పని చేసే ఆమె కంప్యూటర్ తెరనే చూస్తున్నారు. ముందురోజు ఏ ఫైలు పంపారో చూపించమంటే ఆమె తన తెరని అందరికీ కనపడేలా తెరిచింది. వెనకున్న బొమ్మ ఏమిటో తెలియనంతగా తెరంతా ఐకాన్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉన్నాయి. వాళ్ళాయన ఆఫీసు సర్క్యులర్లు, పాప సైన్సు ప్రాజెక్టు, అపార్టుమెంటు సంఘం వాళ్ళ మోటారు నోటీసులు, ఆడపడుచు కట్టుకుంటున్న ఇంటి ప్లాను. సరిగ్గా వాటి నడిమధ్యన 'అత్తయ్య విరేచనాలు - మార్చి'. ఎవరో ఫక్కున నవ్వి గబుక్కున మైకు కట్టేసుకున్నారు.

ఆ ఫైలే ముందురోజు ఆమె పొరపాటున క్లయింటుకి పంపింది. ఒక సిమెంటు కంపెనీ డైరెక్టర్ల మీటింగు కాపీ వెళ్ళాల్సిన చోటికి, పక్షవాతం వచ్చిన ఓ పెద్దావిడ నెల మొత్తంలో ఏ రోజు ఎన్నిసార్లు వెళ్ళిందో, ఏ మందుకి తగ్గిందో రాసిన పట్టిక వెళ్ళింది. పెద్ద డాక్టరు చూపించమన్నాడని ఆమె రోజూ పొద్దున్నే రాసే పట్టిక అది. సిమెంటు కంపెనీ సెక్రటరీ మర్యాదస్తుడు. 'మీరు పంపినది మా మీటింగుకి సంబంధించినదిగా కనపడటం లేదు' అని ఒక్క వాక్యం రాసి తిరిగి పంపాడు. మేడమ్‌కి మాత్రం తల తీసేసినట్టయింది. వారం టైమిస్తున్నాను, ఈలోగా కంప్యూటర్ సర్దుకోకపోతే పెద్ద క్లయింట్ల పని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుందని అందరి ముందే చెప్పింది. ఆమె సరే మేడమ్ అంది. అలా సరే అంటూండగానే వెనక మంచం మీంచి అత్తగారు ఒత్తిగిలాలని పిలిచింది. ఆ పిలుపు కూడా పదకొండు మందీ విన్నారు.

ఆమె పని ఏమిటంటే, మనుషులు మాట్లాడుకున్న రికార్డింగులు విని, అన్నది అన్నట్టు టైపు చెయ్యడం. డైరెక్టర్ల మీటింగులు, పరిశోధన చేసేవాళ్ళు జరిపే ఇంటర్వ్యూలు, ఒక్కోసారి ఆస్తి తగాదాల పంచాయితీలు. ఎవరు ఎవరి మాటకి అడ్డొచ్చారో, ఎక్కడ ఆగారో, ఎక్కడ దగ్గారో కూడా రాయాలి. అందులో ఆమెకి మంచి పేరే ఉంది. గొంతులు కలగాపులగంగా ఉన్న రికార్డింగైతే ఆమెకే వచ్చేది. పొద్దున పాపని బడికి పంపి, అత్తగారికి స్నానం చేయించి, బట్టలు మార్చి, పదింటికి కూర్చుంటే మధ్యలో ఇరవైసార్లు లేచి సాయంత్రం ఏడుకి ముగించేది. కంప్యూటర్ హాల్లో ఓ మూల. దానికి ఎదురుగా అత్తగారి మంచం. మూడేళ్ళ కింద ఎడమవైపు పడిపోయినప్పుడు ఆవిడే అడిగి మరీ ఆ మంచం అక్కడ వేయించుకుంది, మనుషుల మధ్య ఉన్నట్టుంటుందని.

ఆ కంప్యూటర్ పేరుకే ఆమెది, ఇంటిల్లిపాదీ దాని మీద పడి ఉండేవాళ్ళు. ఆయన బీమా ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. ఇంటికొస్తూ రెండు కాగితాలు తెచ్చి, "నీ స్పీడుకి ఇదెంత, పది నిమిషాలు" అని కీబోర్డు మీద పెట్టేవాడు. అపార్టుమెంటు సంఘానికి ఆయన సెక్రటరీ, కాబట్టి సంఘం నోటీసులు ఆమె టైపు చేసేది. ఆడపడుచు ఫోన్ చేసి, వదినా నీకెలాగూ చేతిలో పనే కదా అని ఇంటి ప్లానులు పంపించి, వాటి మీద కొలతలు సరిచేయించుకునేది. ఇవన్నీ పది నిమిషాల పనులే. పది నిమిషాలు పది నిమిషాలుగా ఆమె మధ్యాహ్నాలన్నీ పోయేవి.

ఆ సాయంత్రం జరిగింది చెప్తే ఆయన చెప్పులు విప్పుతూ విన్నాడు. తన తల్లి పట్టిక పరాయివాళ్ళకి వెళ్ళినందుకు కాస్త చిరాకు పడ్డాడు. తర్వాత తేలిగ్గా అనేశాడు: "నీకు మొదట్నించీ పద్ధతి లేదు. ఆ ఇంటర్వ్యూలో పోయింది కూడా అందుకే."

అది ఆ ఇంట్లో కొత్త మాట కాదు. కూర మాడినా, కరెంటు బిల్లు కనపడకపోయినా, ఇంకో ఉద్యోగానికి అప్లై చేస్తానని ఆమె ఎప్పుడన్నా నోరు తెరిచినా ఆ ఇంటర్వ్యూ సంగతి వచ్చేది. ఆయన దాన్ని కోపంగా అనడు. నవ్వుతూ, భుజం మీద చెయ్యేసి అంటాడు. పాపకి కూడా తెలుసు ఆ సంగతి. లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు, "అమ్మ కూడా ఫెయిలయింది కదా నాన్నా" అని తనే సర్దుకునేది.

ఆమె చదివింది భూగర్భశాస్త్రం. పాప కడుపులో ఉండగా, ఏడో నెలలో, భూగర్భ జలాల పరిశోధన సంస్థలో ఓ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ముగ్గురు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. పెద్దావిడ బల్ల మీద ఓ గాజు సీసా పెట్టి, ఇది ఓ బావిలోంచి తోడిన నీళ్ళు, భూమిలోకి ఇంకి ఎన్నాళ్ళయి ఉంటుందో చెప్పగలరా అని అడిగింది. ఆమె సీసా చేతిలోకి తీసుకుని చూసి, చూసి చెప్పలేనండీ, కొలవాలి అంది. ఆవిడ ఏమీ అనకుండా ఏదో రాసుకుంది. మగవాళ్ళలో ఒకాయన నవ్వాడు. పాప పుట్టిన నాలుగు నెలలకి ఆయన ఆఫీసు నుంచి వచ్చి, లిస్టు వచ్చిందిట, నీ పేరు లేదు అని చెప్పాడు. ఆ రాత్రి ఆమె ఏడిస్తే వీపు నిమిరాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆమె గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, బస్సులో నిలబడి, ఆ గాజు సీసాని మళ్ళీ మళ్ళీ చేతిలోకి తీసుకునేది. యాభై ఏళ్ళు అనుండాల్సింది. ఏదో ఒక అంకె చెప్పుండాల్సింది. ఎవరైనా ఏదైనా అడిగితే తెలీదు అనే ధైర్యం ఆ తర్వాత ఆమెకి మళ్ళీ రాలేదు. అన్నిటికీ ముందే సరే అనేసేది.

మర్నాడు పక్క టీములో పనిచేసే ఓ చిన్నపిల్ల ఫోన్ చేసింది. అందరూ కళ్ళజోడు అని పిలుస్తారు ఆ పిల్లని. మీటింగులో నవ్వింది తను కాదక్కా అని ముందుగా చెప్పుకుంది. తర్వాత, మీ తెర వెనక ఇంకో మూడు నాలుగు తెరలు పెట్టుకోవచ్చు, మీకు తెలుసా అని అడిగింది. వర్చువల్ డెస్క్‌టాప్ అంటారట. మూడు మీటలు కలిపి నొక్కితే పక్క తెర వస్తుంది. ఒక దాంట్లో ఆఫీసు పని తెరుచుకోవచ్చు, ఇంకో దాంట్లో ఇంటి పని. ఇది తీసినప్పుడు అది కంటికి ఆనదు. "కానీ అక్కా, ఐకాన్లు మాత్రం అన్ని తెరల మీదా అవే కనపడతాయి. తెరిచిపెట్టుకున్నవి మాత్రమే వేరవుతాయి. కాబట్టి ముందు ఆ లారీ దించాలి మీరు" అంది. ఆమెకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఒకళ్ళు తనకి ఏదన్నా నేర్పుతున్నారు.

నేర్చుకుంది. మొదటి తెర ఆఫీసుకి, రెండోది ఇంటికి, మూడోది పాప చదువుకి. ఎక్కడో ఒకసారి ఎక్కువ నొక్కినట్టుంది, నాలుగోది కూడా వచ్చి కూర్చుంది. దాన్ని ఎలా తీసెయ్యాలో అడుగుదామనుకుంది గానీ అడగలేదు. ఉండనిచ్చింది.

లారీ దించడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అత్తగారు భోంచేసి కునుకు తీసే గంటా గంటన్నరే దొరికేది. నాలుగువందల పన్నెండు ఫైళ్ళు. సగం వాటికి పేర్లు సరిగ్గా లేవు, 'కొత్తది', 'ఇది కాదు', 'అర్జెంట్' లాంటివి. తెరిచి చూస్తే గానీ ఎవరివో తెలీదు. ఎవరి పేరు మీద వాళ్ళకి ఫోల్డరు పెట్టి అందులో పడేస్తూ పోయింది. ఆయనవి, అత్తయ్యవి, పాపవి, ఆడపడుచువి, సంఘానివి. మూడో రోజుకి ఆమెకి ఒక సంగతి తట్టింది. ఇవన్నీ టైపు చేసింది తనే. కానీ తన పేరుతో ఫోల్డరు పెట్టాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు. ఆఫీసువి ఆఫీసు దాంట్లోకే పోయాయి. పాత గ్యాసు బిల్లు ఒకటి ఆమె పేరు మీద ఉంది, అదీ అద్దె ఇంట్లో ఉన్నప్పటిది.

చివరికి 'పాత కంప్యూటర్' అని ఓ ఫోల్డరు మిగిలింది. అంతకుముందున్న కంప్యూటర్ పాడైనప్పుడు షాపువాడు అందులో ఉన్నదంతా ఎత్తి ఇందులో పోశాడు. ఎవరూ తెరిచి చూడలేదు. చాలావరకు పాప చిన్నప్పటి ఫొటోలు. వాటి కింద రెండు ఫైళ్ళు, 'లెటర్ ఫైనల్', 'లెటర్ ఫైనల్ 2'.

మొదటిది తెరిచింది. పరిశోధన సంస్థ డైరెక్టరు గారికి. 'పరిశోధనాధికారి పోస్టుకి నా భార్యని ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. కుటుంబ బాధ్యతల వల్ల ఆమె చేరలేకపోతోంది.' అక్కడితో ఆగిపోయింది.

రెండోది తెరిచింది. 'పరిశోధనాధికారి పోస్టుకి నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. కుటుంబ బాధ్యతల వల్ల నేను చేరలేకపోతున్నాను. ఈ నిర్ణయం ఎవరి ఒత్తిడీ లేకుండా నేను స్వయంగా తీసుకున్నాను.' కింద తేదీ. తేదీ కింద ఆమె పేరు.

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి రికార్డింగు వింటూ టైపు చేసేటప్పటిలా పెదాలు కదుపుతూ చదివింది. ఫైలు ఎప్పుడు తయారైందో ఎలా చూడాలో ఆమెకి తెలుసు. చూసింది. తొమ్మిదేళ్ళ కిందటి శనివారం, మధ్యాహ్నం మూడుంపావు.

ఆ శనివారం ఆమెకి గుర్తుంది. గుర్తుండటమేమిటి, తొమ్మిదేళ్ళుగా కనపడిన ప్రతి ఒక్కరికీ ఆ శనివారం గురించే చెప్పింది. పాపకి నాలుగో నెల. వారం రోజులుగా నిద్ర లేదు. భోజనాలయ్యాక ఆయన పాపని భుజాన వేసుకుని, నువ్వెళ్ళి పడుకో, నేను చూసుకుంటాను, సాయంత్రం దాకా లేవకు అన్నాడు. గది తలుపు దగ్గరగా వేశాడు. ఆమె నాలుగు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మా ఆయన అలాంటివాడు కాదండీ, నాకు నిద్రలేదని ఆఫీసు సెలవు రోజంతా పిల్లని ఎత్తుకు తిరిగారు అని చెప్పుకునేది. తన అమ్మకి చెప్పింది, ఎదురింటావిడకి చెప్పింది. మొన్న కళ్ళజోడుకి కూడా చెప్పింది. ఆ నాలుగు గంటల్లో ఆయన ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చేత్తో ఒక్కొక్క అక్షరమే కొట్టుకుంటూ, 'నా భార్య' అని రాసి, అలా రాస్తే సంస్థవాళ్ళు ఒప్పుకోరని అర్థమై, 'నేను' అని మార్చాడు. అద్దె ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యాల్సొస్తుందో తెలీక అప్లికేషన్లో ఆయన ఆఫీసు అడ్రసు ఇచ్చింది కూడా తనే, ఎంపికైనట్టు వచ్చిన ఉత్తరం నేరుగా ఆయన చేతికే వెళ్ళి ఉంటుంది.

అత్తగారు నిద్ర లేచి మంచినీళ్ళడిగింది. ఆమె లేచి ఇచ్చింది.

ఆమె వెంటనే ఎందుకు అడగలేదని ఎవరికైనా అనిపించొచ్చు. ఏ గొంతుతో అడగాలో ఆమెకి తెలీలేదు. ఆ ఇంట్లో ఆమె గొంతుకి ఉన్న అలవాట్లు మూడే: పిలవడం, గుర్తుచెయ్యడం, సరే అనడం. ఇది ఆ మూడింట్లో దేనికీ సరిపడదు. సాయంత్రం ఆయన రెండు కాగితాలు తెచ్చి పెడితే టైపు చేసింది. మర్నాడు కంప్యూటర్ తెరవగానే ఆ రెండు ఉత్తరాలనీ నాలుగో తెరలో పక్కపక్కన తెరిచిపెట్టింది. ఆ తర్వాత రోజూ అదే చేసింది. డైరెక్టర్ల మీటింగు వింటూ, పాప లెక్కలు చూస్తూ, మధ్యలో మూడు మీటలు నొక్కి ఒక్క నిమిషం అటు వెళ్ళొచ్చేది. ఏడవడానికి కాదు. నిజంగానే ఉందా అని చూడటానికి. తను తప్పలేదన్న సంగతి ఆమెకి ఒక్కరోజులో నమ్మకం కుదర్లేదు. తొమ్మిదేళ్ళు ఒంగిన నడుం ఒకేసారి నిటారుగా నిలబడదు కదా. ఒకరోజు తన తప్పులన్నీ గుర్తు చేసుకోవాలని కూర్చుంటే, వాటిలో చాలావాటికి మొదలు ఆ ఇంటర్వ్యూ దగ్గరే ఉంది. టీచరు ఉద్యోగానికి అప్లికేషను నింపి కూడా పంపకపోవడం, డ్రైవింగు మధ్యలో మానెయ్యడం, పాప బడిలో మీటింగు పెడితే వెనక వరసలో కూర్చోవడం. అన్నిటికీ ఆ ఒక్క ఉత్తరమే కారణమని ఇప్పుడు అనాలంటే కూడా ఆమెకి భయమే వేసింది.

ఇంట్లో తేడా కనిపెట్టింది ఆయనే. ఆయన పక్కనుంచి వెళ్తే తెర మారుతోంది. మొదట నవ్వుతూనే అడిగాడు, ఏంటి, ఎవరితో కబుర్లు అని. ఆఫీసు పని అంది. మూడోసారి నవ్వలేదు. ఫోను అడిగి తీసుకుని చూశాడు, అందులో ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడం ఆయనకి ఇంకా అనుమానంగా తోచింది. ఆమెని కనిపెట్టి ఉండమని తల్లితో చెప్పాడు. ఎటూ కదల్లేని మనిషికి అదొక కాలక్షేపమైంది. కంప్యూటర్‌కి ఎదురుగానే ఆవిడ మంచం. "ఏదో తెల్లకాగితాలు రెండు చూస్తూ కూర్చుంటుందిరా. టైపు కూడా చెయ్యదు. చూడ్డమే" అని సాయంత్రం కొడుకుతో అంటూంటే ఆమె వంటింట్లోంచి విన్నది. రోజూ ఆవిడని ఎత్తి కూర్చోబెట్టే చేతులు ఆ పూట కూరగాయలు తరుగుతూ కాసేపు ఆగాయి. తర్వాత మళ్ళీ తరిగాయి.

ఆదివారం పొద్దున ఆమె బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తోంది. ఆయన పాపని పిలిచి, అమ్మ ఆ తెర ఎలా మారుస్తుందో నీకు తెలుసా అని అడిగాడు. పాపకి తెలుసు. తన హోంవర్కు కోసం ఆమే నేర్పింది. పాప కుర్చీ ఎక్కి హుషారుగా మీటలు నొక్కింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది రాగానే ఆయన ముందుకి వంగాడు. అక్కడ ఏ మగవాడి ఫొటో ఉంటుందనుకున్నాడో ఏమో. తడి చేతులతో ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి పాప బడిలో పాఠం చదివినట్టు పైకి చదువుతోంది. తెలుగు బాగా చదవగలదు పాప. రెండు ఉత్తరాలూ చదివేసి తండ్రి వైపు తిరిగి అడిగింది:

"నాన్నా, ఇందులో 'నా భార్య' అని ఉంది. ఇందులో 'నేను' అని ఉంది. ఏది కరెక్టు?"

ఆయన పాపని కిందికెళ్ళి ఆడుకోమన్నాడు. పాప వెళ్ళలేదు, గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది.

ఆ తర్వాత ఆయన చాలా మాట్లాడాడు. కేకలు వెయ్యలేదు. మనిషి కుర్చీలో కూర్చుని, ఆఫీసులో ఫైలు గురించి వివరించినట్టు వివరించాడు. ఆ ఉద్యోగంలో నెలకి పదిహేను రోజులు ఊళ్ళు తిరగాలి. నాలుగు నెలల పిల్ల. తనకి అప్పుడే ప్రమోషన్ వచ్చే రోజులు. నీకు చెప్తే నువ్వు నలిగిపోతావు, వెళ్ళలేక, మానలేక. ఆ బాధ నీకెందుకని నేనే మోశాను. లిస్టులో పేరు లేదన్నానంటే ఏడ్చి ఊరుకుంటావు, మానుకోమన్నానంటే జీవితాంతం నన్ను తిట్టుకుంటావు. "నిజం చెప్పు. అప్పుడు నిన్నడిగితే మాత్రం నువ్వు ఇదే కదా రాసేదానివి?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఆయన్ని ఏడిపించాలని కాదు. ఆ రోజుల్లో తన ఒళ్ళో ఉన్న పిల్ల, ఆ నిద్రలేమి, ఆ భయం అన్నీ తెచ్చుకుని చూసింది. రాసేదేనేమో అనిపించింది. అలా అనిపించడమే ఆమెకి అన్నిటికంటే కష్టమైంది.

"రాసేదాన్నేమో" అంది. "కానీ రాసింది నేనయ్యేదాన్ని. ఫెయిలయ్యానని తొమ్మిదేళ్ళు అనుకునేదాన్ని కాదు."

ఆయన, ఇంటర్వ్యూ సంగతి సరదాకి అన్న మాటలు పట్టుకుంటావేంటి అన్నాడు. అప్పుడు ఆమె అత్తగారి వైపు చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలీదు. ఒక ఆడమనిషి ఆ గదిలో ఉందని కాబోలు. అత్తగారు దుప్పటి అంచు కుడిచేత్తో సర్దుకుంటూ, మాట కొంచెం ముద్దగా, నెమ్మదిగా అంది: "ఆరోజు నాకు చదివి వినిపించాడమ్మాయ్. బాగా రాశావురా అన్నాను."

ఆవిడ తప్పయిందనీ అనలేదు, మంచిదే అనీ అనలేదు. ఆ మధ్యాహ్నం కూడా అత్తగారికి అన్నం కలిపి తినిపించింది ఆమే. తినిపిస్తూంటే ఆవిడ ఒకసారి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె ముద్ద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

సోమవారం ఆమె రెండు పనులు చేసింది. మొదట మేడమ్‌కి ఫోన్ చేసి, ఆఫీసులో ఖాళీ కుర్చీ ఉందా, వచ్చే నెల నుంచి అక్కడికే వచ్చి పని చేసుకుంటాను అని అడిగింది. మేడమ్ ఆశ్చర్యపోయి, ఉంది గానీ ఇంట్లో ఎలా అని అడిగితే, చూసుకుంటారండీ అంది. చూసుకుంటాను అనలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనే ఒకసారి మనసులో మళ్ళీ అనుకుంది.

రెండోది పరిశోధన సంస్థకి. ఫోను నలుగురి చేతులు మారి, రికార్డుల గుమాస్తా దగ్గరికి చేరింది. పెద్దాయన గొంతు. వచ్చే నెల రిటైరవుతున్నాడట, తీరిగ్గా ఉన్నాడు. ఏడాది, పోస్టు, పేరు చెప్తే ఒక గంటాగి చెయ్యమన్నాడు. చేసింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మీదే మొదటి పేరమ్మా. మీరే కదా వద్దని రాశారు, కింద మీ సంతకం కూడా ఉంది. రెండో ఆయనకిచ్చాం. ఆయన ఇప్పుడు ఇక్కడ డిప్యూటీ డైరెక్టరు" అన్నాడు. కాస్త ఆగి, మీ మార్కుల కాగితం మీద చేత్తో రాసిన మాటొకటి ఉంది, చదవమంటారా అని అడిగాడు. చదవండి అంది. "'తెలియనిది తెలియదని చెప్పగలిగింది. తీసుకోవాలి.' మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మా పాత మేడమ్ రాత అది."

ఆమె ఆ రెండు వాక్యాలూ ఓ కాగితం మీద రాసుకుంది. లైను కట్టయిందేమో అని ఆయన రెండుసార్లు హలో అన్నాడు. అప్పుడు అడిగింది, ఇప్పుడు ఆ పోస్టుకి మళ్ళీ అప్లై చెయ్యొచ్చా అని. వయసు నాలుగేళ్ళ కిందటే దాటిపోయిందని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఇబ్బంది పడ్డాడు. పరవాలేదండీ, ఇంకోటి అడుగుతాను, ఆ ఫైల్లో కొత్తగా ఒక కాగితం చేర్చగలరా అంది.

"ఏం కాగితమమ్మా?"

"వద్దని రాసింది నేను కాదని."

గుమాస్తా గొంతు తగ్గించి, ఎవరు రాశారో వాళ్ళే ఒప్పుకుని సంతకం పెట్టి పంపితే చేరుస్తాం, మీరొక్కరే పంపినా తీసుకుంటాం గానీ దానికి అంత బలం ఉండదు అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాడు. పదేళ్ళు నిండిన ఫైళ్ళు తగలబెట్టేస్తారట. ఆమెది ఇంకా పది నెలలే ఉంటుందట. "పది నెలల కోసం ఇంట్లో గొడవలెందుకమ్మా, ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించింది. బట్టలు మడతపెడుతూ, అత్తగారికి నూనె రాస్తూ ఆలోచించింది. ఉద్యోగం రాదు. ఆ రెండో ఆయన కుర్చీలోంచి లేవడు. ఆ కాగితం ఒక ఇనప బీరువాలో పది నెలలు పడుండి బూడిదవుతుంది. దాన్ని చదివేది బహుశా రిటైరవబోతున్న ఒక గుమాస్తా, అంతే. అయినా ఆమెకి ఒక్కటే అనిపించింది. ప్రపంచంలో ఏదో ఒకచోట, ఏదో ఒక దారంతో కుట్టిన ఫైల్లో, తను ఎవరి ఒత్తిడీ లేకుండా వద్దనుకున్నట్టు రాసి ఉంది. అది కాలిపోయేటప్పుడు అబద్ధంగా కాలిపోకూడదు.

బుధవారం సాయంత్రం ఆయన వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంది. ఆ ఇంట్లో ఏ ఉత్తరమైనా టైపు చేసేది ఆమే కదా. నాలుగు వాక్యాలు. ఫలానా తేదీన నా భార్య పేరుతో పంపిన ఉత్తరం నేను రాశాను. దాని కింద సంతకం కూడా నేనే పెట్టాను. ఆమెకి ఈ విషయం తెలియదు. ఆమె ఎంపికైన సంగతి కూడా ఆమెకి తెలియనివ్వలేదు. ఎక్కడా విశేషణం లేదు, తిట్టు లేదు. అన్నది అన్నట్టు రాయడం ఆమెకి వృత్తి.

ఆయన నిలబడే చదివాడు. కూర్చుని మళ్ళీ చదివాడు. ఇంకొకరి సంతకం పెట్టడమంటే ఏమిటో నీకు తెలుసా, నేను పనిచేసేది బీమా ఆఫీసులో, నా సెక్షనే సంతకాలు సరిచూసే సెక్షను, ఇది ఎవరి కంటనైనా పడితే నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా అన్నాడు. ఆలోచించాను అంది. పాప భవిష్యత్తు అన్నాడు. పాప గుమ్మంలోనే నిలబడి ఉంది. మంచం మీంచి అత్తగారు కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూస్తోంది. వచ్చే నెల నుంచి పగలు ఇంట్లో ఉండను, అత్తయ్యకి మనిషిని చూడండి అని ఆమె పొద్దునే చెప్పేసింది. దాని మీద కూడా ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. రెండింటికీ కలిపి అన్నట్టు, ఆయన చివరికి అలసటగా అడిగాడు:

"ఇది పంపితే నీకేమొస్తుంది?"

"ఏమీ రాదు" అంది.

"నేను సంతకం పెట్టకపోతే?"

"నా సంతకంతో పంపిస్తాను. అందులో మీరు పెట్టనన్నారని కూడా రాస్తాను."

ఆయన కాగితం బల్ల మీద పెట్టి, అరచేత్తో దాన్ని కప్పాడు. ఆమె ఆ చెయ్యి తీసేదాకా ఆగింది. తర్వాత కాగితాన్ని ఆయన ముందుకి జరిపి, పెన్ను మూత తీసి పక్కన పెట్టింది.

"అప్పుడు నా సంతకం మీరు పెట్టారు" అంది. "ఈసారి మీది పెట్టండి."